గడ్డపారకు నీళ్లు

"అమ్మా, భూమి కితకితలు పెడుతున్నది" అన్నాడు నా కొడుకు.

చేతిలో ఖాళీ చెంబు. మోకాళ్ల దాకా బురద. మొహం నిండా నవ్వు. కల్లంలో తాలు ఊడ్చి ఊడ్చి పొద్దుటి నుంచి వంగిపోయిన నడుమును అప్పుడే కాస్త నిలబెట్టాను. వాడి నవ్వు చూసి నేనూ నవ్వబోయాను. పెదవుల దాకా వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ కితకితలు నాకు తెలుసు. అరికాళ్లలో సన్నగా మొదలై పిక్కల్లోకి పాకుతాయి. నేను వాడంత ఉన్నప్పుడు మరిపెడ దగ్గర మా బాపు మిర్చి కల్లంలో అది నాకు ఆట. ఇన్నేళ్లూ నా మనసులో కూడా దాని పేరు కితకితలే. వాడి నోటి నుంచి ఆ మాట విన్నాకే అది కరెంటు అని నాకు తట్టింది.

"చెంబు కింద పడెయ్" అన్నాను.

"తాత ఇంకో చెంబు పొయ్యమన్నడు."

"పడెయ్ అంటున్ననా! అక్కా తమ్ముడూ ఇద్దరూ ఇంట్లకు పోండి."

నా బిడ్డ నిండు బకెట్ మోసుకొస్తూ అక్కడే ఆగింది. నా గొంతు ఎలా ఉందో గానీ ఆ పిల్ల మారు మాట్లాడకుండా తమ్ముడి రెక్క పట్టుకుని రోడ్డు దాటించింది.

కల్లంలో ఇనుప గడ్డపారకు పిల్లవాడు నీళ్లు పోయడమేమిటో, అంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

మేము ఉండేది భూపాలపల్లిలో. మా ఆయన అక్కడి బొగ్గు గనిలో పనిచేస్తాడు. పిల్లలకు ఎండాకాలం సెలవులు ఇచ్చిన మర్నాడే నేను వాళ్లను తీసుకుని చిల్పూర్ అవతల ఉన్న మా అత్తగారి ఊరికి వచ్చేశాను. యాసంగి వడ్లు కోతకొచ్చాయి. అత్తకు మోకాళ్లు పట్టేశాయి. మామ ఒక్కడు. వచ్చిన రోజు నుంచి వంట, కల్లం, పిల్లలు, మళ్లీ వంట. చదువుకున్న కోడలు పనికి వంగదని ఊర్లో ఎవరూ అనకూడదని నాకొక పట్టుదల. ఆ పట్టుదల వల్ల ఒళ్లు హూనమవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

మిషను వరి కోసి వడ్లు రాల్చి ఇస్తుంది గానీ వాటిలో తాలు ఉండిపోతుంది. తాలు ఉంటే కొనుగోలు సెంటరులో వడ్లు తీసుకోరు. గాలి వీచే రోజు చాటతో ఎత్తి పోస్తే తాలు ఎగిరిపోతుంది. గాలి లేని రోజు ఫ్యాను కావాలి. మా మామ దగ్గర ఒక ఫ్యాను ఉంది. మనిషెత్తు ఇనుప స్టాండు, కింద రెండు చక్రాలు, చాటంత వెడల్పు రెక్కలు, వెనక కుండలాంటి మోటరు. ఊర్లో అలాంటి ఫ్యాను మొదట తెచ్చింది తనేనని మామకు గొప్ప. వానాకాలం పంటకు ఒకసారి, యాసంగికి ఒకసారి బయటికి వస్తుంది. మిగతా కాలమంతా పశువులు లేని పశువుల కొట్టంలో యూరియా సంచులు కప్పుకుని పడుంటుంది.

ఈసారి బయటికి తీసి కరెంటు ఇస్తే గుయ్‌మని మూలిగింది గానీ రెక్క కదల్లేదు. మామ ఒక కంది కట్టె తీసుకుని రెక్కను తోశాడు. అది ముసలి మనిషి లేచినట్టు మెల్లగా లేచి తిరిగింది.

"ఒక్కసారి తోస్తె లేస్తది. నా లెక్కనే" అన్నాడు మామ.

"నువ్వు తోసినా లేస్తలెవ్వు గదా పొద్దున" అంది అత్త అరుగు మీద నుంచి.

కట్టెతో తోయడం చూసి మా వాడు ఇంకో కట్టె వెతుక్కున్నాడు. దాన్ని లాగి పొయ్యిలో పెట్టాను. నేను పెట్టింది ఒకటి. వాడు దాచుకున్నది ఇంకొకటి ఉందని తర్వాత తెలిసింది.

ఆ రోజంతా ఫ్యానుకు వైద్యం. పక్క చేను పెద్దాయన వచ్చి మోటరు వెనక మూత విప్పమన్నాడు. విప్పితే లోపల ఎలుక గూడు. దూది, కొబ్బరి పీచు, ఒక ఎర్ర గుడ్డ పీలిక. అత్త వంగి చూసి, "అగ్గో, నా రైక గుడ్డ! టైలరు మింగిండని వాణ్ని ఎన్ని తిట్లు తిడితి!" అంది. అందరం నవ్వాం. ఆ రోజు నవ్విన నవ్వు అదొక్కటే. గూడు తీసి, పట్టేసిన ఇరుసుకు నూనె వేసి, రెక్కను చేత్తో తిప్పితే సులువుగా తిరిగింది. కరెంటు ఇస్తే మళ్లీ మూలుగే. మర్నాడు మామ దాన్ని ఆటోలో స్టేషన్ ఘన్‌పూర్ తీసుకుపోయాడు. మోటర్లు కట్టే షాపులో చూసి, వైండింగ్ బాగానే ఉందని, ఇన్ని నెలలు పక్కన పడుండి కండెన్సర్ చచ్చిందని చెప్పి కొత్తది వేసి పంపారు. కట్టె లేకుండా మోటరును లేపేది ఆ కండెన్సరేనట.

మూడో రోజు పొద్దున కల్లంలో పెడితే కట్టె లేకుండానే తిరిగింది. కానీ ఊపు లేదు. ముందు నిలబడి వడ్లు పోస్తే తాలూ గింజా కలిసి కాళ్ల దగ్గరే పడ్డాయి. షాపు వాళ్లు మోసం చేశారని మామ తిట్టాడు. వోల్టేజీ లేదని పక్క చేను పెద్దాయన అన్నాడు. నూనె సరిగ్గా పోయలేదని అత్త. అందరూ ఫ్యానునే చూస్తున్నారు. చివరికి మామకే తోచింది.

"ఎర్తు ఎండింది. నీళ్లు పొయ్యాలె."

మా కల్లం బోరు పక్కనే ఉంటుంది, ఇల్లు రోడ్డుకు అవతల. బోరు మోటరు డబ్బాలోకి వచ్చే మూడు తీగలూ కరెంటు తెచ్చేవే. కరెంటు తిరిగి పోయే తీగ అక్కడ ఉండదు. బోరుకు అక్కర్లేదు, ఫ్యానుకు కావాలి. అందుకని మా ఊళ్లలో అందరూ ఒకటే చేస్తారు. ఒక తీగ డబ్బా నుంచి తగిలించి, రెండో తీగ గడ్డపారకు చుట్టి ఆ గడ్డపారను భూమిలో దిగ్గొడతారు. తిరిగి పోయే దారి భూమే, దాన్నే ఎర్తు అంటారు. భూమి తడిగా ఉంటే ఫ్యాను జోరుగా తిరుగుతుంది, ఎండితే నీరసిస్తుంది. నీరసించినప్పుడల్లా గడ్డపార మొదట్లో నీళ్లు పోయాలి. పెద్దవాళ్లకు వడ్ల పని ఉంటుంది కాబట్టి నీళ్లు పోసే పని పిల్లలది.

మా వాడికి ఆ పని పొద్దున దొరికింది. చెంబు పోయగానే ఫ్యాను గొంతు మారి ఊపందుకుంది. "అగో! నా ఇంజినీరు!" అన్నాడు మామ. ఆ మాటతో వాడు ఇక గడ్డపార వదల్లేదు. అక్క బోరు తొట్టి నుంచి బకెట్ తేవడం, వీడు చెంబుతో పోయడం.

"దగ్గరికి పోనియ్యకుండ్రి మామా" అని పొద్దున ఒకసారి అన్నాను. మామ నవ్వి ఊరుకున్నాడు. నవ్వడా మరి. వచ్చిన రోజు నుంచి బోరు తొట్టి లోతని, గడ్డిలో తేళ్లుంటాయని, ట్రాక్టరు వెనక్కి వస్తుందని, ఎండదెబ్బని, పిడుగని ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. నా భయాలన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. అందుకే ఎవరూ వినరు. కొన్నిసార్లు నేను కూడా వినను.

పిల్లలు రోడ్డు దాటగానే నేను డబ్బా దగ్గరికి పోయి పెద్ద హ్యాండిలు కిందికి గుంజాను. రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. కల్లం ఒక్కసారి నిశ్శబ్దమైంది.

మామ నిండు చాట చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఎందుకు బందు జేసినవ్?"

"పిలగాని కాళ్లల్ల జుమ్మంటున్నదట మామా."

"జుమ్మంటది మరి. కరెంటు గాదా? జర జుమ్మంటె ఏమైతది? చిన్నప్పుడు మేమందరం పోసినోళ్లమే. నీ మొగడు పోసిండు. సచ్చిండా?"

"గా సచ్చుడు మాటలెందుకయ్యా పొద్దుగూకె యాళ్ల!" రోడ్డు అవతలి నుంచి అత్త అరిచింది.

"అటు మబ్బు జూడు" అన్నాడు మామ నాతో. "గింత కుప్ప మీద వాన వడితె మొలకలొస్తయి. రేపు సెంటరుకు తోలుడా, గిట్ల కూసునుడా? నీకు అన్నిటికీ భయమే బిడ్డా. హ్యాండిల్ ఎత్తు."

ఉత్తరం వైపు మబ్బు నిజంగానే కమ్ముతోంది. ఆ కుప్ప వాళ్ల ఆరు నెలల చాకిరీ. మామకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. పెళ్లయిన నాటి నుంచి నేను ఆయనతో అన్న పెద్ద మాటల్లో "అన్నం వడ్డించమంటారా" కూడా ఒకటి. కానీ నేను హ్యాండిలు ఎత్తితే వాడు మళ్లీ చెంబు పట్టుకుని వస్తాడు. ఈ రోజు ఆపినా రేపు వస్తాడు. తాత మెచ్చుకున్న పని అది.

"ఒక్కసారి ఫ్యాను ఇంట్ల పెట్టి సూద్దాం మామా. ఇంట్ల గుడ ఇట్లనే తిరిగితే మళ్ల ఇక్కడనే పెడుదురు. నేనేం అనను."

ఆయన మబ్బు వైపు చూశాడు, నా వైపు చూశాడు. చాట కుప్ప మీద పెట్టి, "దా, పట్టు. నీ భయం తీరనీ" అన్నాడు.

ఇద్దరం ఫ్యానును రోడ్డు దాటించి అరుగు దగ్గర నిలబెట్టాం. ఇంటి ప్లగ్గులో పెట్టి స్విచ్ వేశాను. ఒక్క క్షణం గుయ్‌మంది, ఆ తర్వాత గాలి. తలుపుకు వేలాడుతున్న క్యాలెండరు ఎగిరి పెరట్లో పడింది. దండెం మీది తువ్వాళ్లు, చీర, పిల్లల లాగులు అన్నీ ఒక వైపుకు లేచాయి. కోళ్లు కేకలేస్తూ గోడెక్కాయి. అత్త కొంగు మొహానికి చుట్టుకుని, "బందు జెయ్యుండ్రి, ఇల్లు లేసిపోతది!" అని తిట్టడం మొదలుపెట్టింది.

మామ చప్పట్లు కొట్టాడు. "సూసినవా! నా ఫ్యానుకు ఏం రోగం లేదు!"

రెండు రోజులుగా ఆయన మొహం మీద లేని వెలుగు చూసి నాకు జాలేసింది.

"మరి రోగం ఎక్కడున్నట్టు మామా?"

ఆయన ఆలోచించాడు. "ఎర్తుల" అన్నాడు. అని, నేను ఊపిరి పీల్చుకునే లోపే, "ఇంకో రెండు బిందెలు పోస్తె సరిపాయె. చెంబుతోని ఏం ఆనుతది!"

నేను అరుగు మెట్టు మీద కూలబడ్డాను. ఆయన లెక్క తప్పేమీ కాదు. రెండు బిందెలు పోస్తే ఫ్యాను ఇంకాస్త జోరుగా తిరిగేది కూడా. ఆయన ఫ్యాను గురించి చెబుతున్నాడు, నేను పిల్లవాడి కాళ్ల గురించి అడుగుతున్నాను. ఈ రెండూ ఒకటేనని చెప్పడానికి నా దగ్గర మాటలు అయిపోయాయి.

లేచి లోపల గూట్లో ఉన్న టెస్టరు తెచ్చాను.

"ఎర్తుల కరెంటుంటదా మామా?"

"ఉండది. ఎర్తంటె భూమే గదా. భూమిల కరెంటుంటె మనం నడుస్తమా?"

"అయితే గడ్డపారకు పెట్టి సూడుండ్రి. చెప్పులేసుకుని."

పిల్లలను అత్త దగ్గర లోపల కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. మళ్లీ ఇద్దరం ఫ్యానును కల్లంలోకి లాగాం. తీగలు తగిలించి నేను హ్యాండిలు ఎత్తాను. ఫ్యాను మళ్లీ అదే నీరసంతో తిరగడం మొదలుపెట్టింది. మామ తడి లేని చోట నిలబడి, ముందుకు వంగి, టెస్టరు మొనను గడ్డపార తలకు ఆనించాడు.

వెలిగింది.

ఆయన రెండో అరచెయ్యి అడ్డం పెట్టి నీడలో చూశాడు. ఎర్రగా, నిలకడగా వెలుగుతోంది. టెస్టరు పాడైందనుకున్నాడేమో, పక్కనున్న కంచె కడ్డీకి పెట్టి చూశాడు. వెలగలేదు. మళ్లీ గడ్డపారకు పెట్టాడు. వెలిగింది.

ఆ తర్వాత ఆయన కిందికి చూశాడు. గడ్డపార చుట్టూ బురద, ఆ బురద నిండా చిన్న చిన్న పాదాల అచ్చులు. చెప్పులు లేని పాదాలు. కొన్ని అచ్చుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. గడ్డపారను ఆనుకునే ఒక మడమ గుర్తు ఉంది.

మామ నడుచుకుంటూ వెళ్లి హ్యాండిలు తనే దించాడు. అక్కడే డబ్బా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

నాకు గెలిచిన సంతోషం రాలేదు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా మనసులో ఒక మూల ఇది కూడా నా ఉత్త భయమే అయితే బాగుండునని ఉంది. వెలగకపోతే మామ నన్ను వెక్కిరించేవాడు, నేను చాట పట్టుకునేదాన్ని, అందరం అన్నం తిని పడుకునేవాళ్లం.

మబ్బు దగ్గరికొచ్చింది. దానితో పాటు వానకు ముందు గాలి లేచింది. ఇన్ని రోజులూ ఆకు కదలని కల్లంలో ఒక్కసారి దుమ్ము లేచింది. మామ లేచి చాట అందుకున్నాడు. నేనూ ఒకటి అందుకున్నాను. చేతులెత్తి పోస్తుంటే తాలు పక్కకు ఎగిరిపోయి గింజలు కాళ్ల ముందు రాలుతున్నాయి. అత్త కూడా మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి తాలు ఊడ్చింది. భుజాలు పడిపోతున్నాయి.

"నీకెట్ల తెలిసింది?" అని అడిగాడు మామ చాట దించకుండానే.

"మా బాపు మిర్చి కల్లంల నేను గుడ పోసిన మామా. రాత్రి కాపలాకు బల్బు వెట్టేటోడు. బల్బు డిమ్మయితే నేను నీళ్లు పోసేది."

ఆయన ఇంకో రెండు చాటలు పోశాడు. "అందరం పోసినోళ్లమే" అన్నాడు. ఇందాక అన్న మాటే. గొంతు మాత్రం ఇందాకటిది కాదు.

చినుకులు మొదలవగానే కుప్ప మీద పరదాలు కప్పి అంచుల మీద రాళ్లు పెట్టాం. వాన పెద్దగా పడలేదు. సగం కుప్పకు తాలు పోయింది, సగం మిగిలింది.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగిస్తుంటే మా ఆయన ఫోను. షిఫ్టు దిగి పైకి వచ్చాడు. అంతా చెప్పాను. ఆయన నవ్వాడు. "ఆ కల్లంల నేను పొయ్యని నీళ్లా? బతికి లేనా?"

"మీ గనిల గిట్ల పెడతరా?" అన్నాను.

వెనక బస్సు హారన్లు వినిపించాయి.

"పెట్టరు" అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. తడి నేలలో కరెంటు పారితే పరుగెత్తకూడదట, అంగలు వేయకూడదట. పాదాలు రెండూ దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా జరగాలట. గనిలోకి దిగే ముందు శిక్షణలో అందరికీ నేర్పుతారట.

"మరి గీ ముచ్చట మీ బాపుకు ఎన్నడన్న చెప్పినవా?"

"బాపుకా? నేనా?" అని మళ్లీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వు సగంలోనే ఆగింది.

పిల్లలకు అన్నం పెట్టి కాళ్లు కడిగాను. వాడి అరికాళ్లు తిప్పి తిప్పి చూశాను. ఏ గుర్తూ లేదు. ఉండదని తెలిసే చూశాను. వేళ్లు తగలగానే వాడు కితకితలని కాళ్లు ముడుచుకున్నాడు. ఇప్పుడు, మర్నాటి రాత్రి, వాళ్లిద్దరూ నిద్రపోయాక ఇది రాస్తుంటే కూడా ఆ కాళ్లు ముడుచుకోవడమే కళ్ల ముందు ఉంది.

ఈ రోజు తెల్లారి లేచేసరికి మామ ఇంట్లో లేడు. కాసేపటికి బండి మీద వచ్చాడు. భుజాన పెద్ద వైరు చుట్ట. ఊర్లో పెళ్లిళ్లకు పందిళ్లు వేసే టెంట్ హౌస్ నుంచి తెచ్చాడు. రెండు తీగల వైరు, ఇంటి ప్లగ్గు నుంచి కల్లం దాకా అందుతుంది. అరుగు మీద కూర్చుని వేప పుల్ల నములుతూ చుట్ట విప్పుతున్నాడు. గడ్డపార అప్పటికే పీకి గోడకు ఆనించి ఉంది. దాని మొనకు బురద ఆరిపోయి తెల్లబడింది.

మా వాడు నిద్ర కళ్లతోనే లేచి నేరుగా చెంబు దగ్గరికి పోయాడు. చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చి గోడ దగ్గర గడ్డపారను చూసి ఆగాడు.

"నాకు పని లేదా?"

నేను వాడినీ అక్కనూ మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. మామ అక్కడే ఉన్నాడు. ఆయన లేనప్పుడు చెబుదామని రాత్రి అనుకున్నాను. కానీ ఆయన లేనప్పుడు చెప్పే మాట ఆయన ఉన్నప్పుడు పనికి రాదు.

"భూమి కితకితలు పెట్టది నాన్నా" అన్నాను. "కితకితలు అనిపిస్తే అది కరెంటు. నవ్వొద్దు. చెంబు వదిలెయ్. ఉరకొద్దు, అంగలు వెయ్యొద్దు. రెండు పాదాలు దగ్గర పెట్టుకుని ఇట్ల ఇట్ల జరుక్కుంట పొడి నేల మీదికి వచ్చి గట్టిగ అరువు. తమ్ముడు అట్ల అంటే నువ్వు పోయి పట్టుకుని గుంజొద్దు బిడ్డా. నువ్వు గుడ అరువు."

వాళ్లిద్దరూ లేచి వాకిట్లో పాదాలు కలిపి జరగడం మొదలుపెట్టారు. వాళ్లకు అదొక కొత్త ఆట. జరుగుతూ జరుగుతూ వాడు అరుగు దగ్గర ఆగి తాత వైపు చూశాడు.

"తాత పొయ్యమంటే?"

మామ చేతిలో వైరు ఆగింది. ఆయన తల ఎత్తలేదు.

"తాత పొయ్యమన్నా పొయ్యొద్దు" అన్నాను. "నాయిన పొయ్యమన్నా పొయ్యొద్దు. నేను పొయ్యమన్నా పొయ్యొద్దు."